ఫాయిల్ పడవలో కొలువుల పాఠం

ప్రశ్న: మాది ప్రభుత్వ హైస్కూలు. తొమ్మిదో తరగతిలో 45 మంది. పెద్దయ్యాక ఏమవుతారంటే డాక్టరు, సాఫ్ట్‌వేరు, పోలీసు అంటారు, నాలుగోది రాదు. సైన్స్, టెక్నాలజీ ఉద్యోగాల పేర్లతో చార్టు రాసి గోడకు అతికించాను. ఎవరూ దాని వంక చూడలేదు. సిలబస్ వెనకబడకుండా 40 నిమిషాల పీరియడ్‌లో ఏం చేయొచ్చు?
– ఫిజికల్ సైన్స్ టీచర్, మధురవాడ

జవాబు: టీచర్ గారూ, చార్టులో పేర్లున్నాయి, పనులు లేవు. ‘నేవల్ ఆర్కిటెక్ట్’ (ఓడల డిజైనరు) అని చదివిన పిల్లకు ఆ మనిషి రోజంతా ఏం చేస్తాడో తెలియదు. ఆ పనిలోని ఒక చిక్కుముడిని ఆమె చేతికే ఇవ్వండి. ఓడలు కట్టే విశాఖలో ఉన్నారు కాబట్టి పడవతోనే మొదలుపెట్టండి. ఆర్కిమెడిస్ సూత్రం (పక్కకు తొలగిన నీటి బరువెంతో, నీరు అంత బలంతో వస్తువును పైకి నెడుతుంది) చెప్పే వారంలో పెట్టుకుంటే సిలబస్‌కు వేరే పీరియడ్ అక్కర్లేదు.

ఐదుగురికొక జట్టు, మొత్తం తొమ్మిది. రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ను 15 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించి జట్టుకు రెండివ్వండి. 30 సెంటీమీటర్ల వెడల్పు రోల్ అయితే రెండు మీటర్లు చాలు, చిరిగిపోయేవాటికీ మిగులుతుంది. మూడు ప్లాస్టిక్ టబ్బుల్లో బెత్తెడు లోతు నీళ్లు పోయండి. బరువుకు ఒకే సైజు ఇనుప నట్లు వాడండి. రూపాయి బిళ్లలు వద్దు. పాతవాటి బరువు, కొత్తవాటి బరువు ఒకటి కాదు, లెక్క తప్పుతుంది. 20 నట్లను కిరాణా కొట్టు కాటాలో తూచి 20తో భాగిస్తే ఒక్కోదాని బరువు తెలుస్తుంది.

ముందు కాగితం మీద లెక్క వేయించండి. అంచు ఎంత ఎత్తున మడవాలి? ఒక సెంటీమీటరు మడిస్తే అడుగు 13×13, పట్టేది 169 ఘన సెంటీమీటర్లు. రెండున్నర మడిస్తే 10×10×2.5, అంటే 250. నాలుగు మడిస్తే 7×7×4, మళ్లీ 196కి పడిపోతుంది. మంచినీళ్లలో 250 ఘన సెంటీమీటర్లంటే 250 గ్రాములు మోయాలి. ఈ అంకెలు మీరు చెప్పకండి, వాళ్లనే కనుక్కోనివ్వండి.

ఇక నీళ్లలో పెట్టాక చాలా పడవలు లెక్క ప్రకారం మోయాల్సినంత మోయకుండానే మునుగుతాయి. అసలు పాఠం అక్కడుంది. మూలల్ని కత్తెరతో కోసిన జట్టుకు ఆ సందులోంచి నీరు కారుతుంది. విస్తరాకు దొన్నె కుట్టేటప్పుడు మడిచినట్టు మూలను కోయకుండా పక్కకు మడిచి నొక్కాలి. నట్లన్నీ నడుమ పోసిన జట్టుకు అడుగు పొట్టలా కిందికి జారి, అంచులు లోపలికి లాగుకుని ఎత్తు తగ్గుతాయి. ఒక పక్కే పోస్తే ఒక మూల రెండు మిల్లీమీటర్లు వంగుతుంది, అంచు మీదుగా నీరు దూరుతుంది, ఆ తర్వాత రెండు మూడు సెకన్లలో అంతా అయిపోతుంది. ఎక్కడినుంచి నీరొచ్చిందో చూసినవాళ్లు చెప్పాలి, రాయాలి. అందుకే పిల్లలందరికీ ఒకే పని ఇవ్వకండి: ఒకరు గీసేవారు, ఒకరు మడిచేవారు, ఒకరు బరువు సర్దేవారు, ఒకరు లెక్క రాసేవారు, ఐదోవారు సర్వేయరు. అంచుకూ నీటికీ మధ్య ఒక సెంటీమీటరు మిగలగానే ‘ఆపు’ అనడం సర్వేయరు పని. అంతవరకే నింపితే లెక్క 150 గ్రాములకు దిగుతుంది. హార్బర్‌లో ఓడల పొట్టకు గీసే లోడ్‌లైన్ ఉద్దేశం ఇదే.

లెక్కకు ఎనిమిది నిమిషాలు, మొదటి పడవకు పది, ఎందుకు మునిగిందో మాట్లాడటానికి ఐదు, రెండో పడవకు పన్నెండు. రెండో పడవను మాత్రం వదలొద్దు. టైమ్ చాలక చాలామంది వదిలేసేది దాన్నే. అది లేకపోతే ఆటగా మిగిలిపోతుంది. మిగిలిన ఐదు నిమిషాల్లో, పని చేసి అలిసిన ఆ ఐదుగురికీ, ‘మీరు చేసిన పనుల పేర్లివీ’ అని చెప్పండి: డిజైనరు, ప్లేటర్–వెల్డర్, లోడింగ్ ప్లానరు, క్వాలిటీ ఇన్‌స్పెక్టరు, సర్వేయరు. 1948లో ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి దిగింది మన షిప్‌యార్డులోనే. ఓడల నమూనాలను పొడవాటి నీటి తొట్టిలో లాగి పరీక్షించే నౌకాదళ పరిశోధన ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్ కూడా మన ఊళ్లోనే ఉంది. ఇప్పుడా చార్టు పెట్టండి, చూస్తారు.

ప్రశ్న: పరిశ్రమల్లో పనిచేసేవాళ్లను బడికి పిలుస్తున్నాం. గంట మాట్లాడతారు, పిల్లలు నిద్రపోతారు.
– హెడ్మాస్టరు, పెందుర్తి

జవాబు: పదిహేను నిమిషాలే ఇవ్వండి. వచ్చేటప్పుడు పని చేసే పరికరం ఒకటి, పాడైన వస్తువు ఒకటి తెమ్మనండి. విరిగిన వెల్డు ముక్క చూపించి ‘ఇది ఎందుకు విరిగింది’ అని అడిగితే హాలంతా లేచి కూర్చుంటుంది. పిల్లల ప్రశ్నలు మూడు ముందే పంపండి: నిన్న ఏం చేశారు, ఏది చెడిపోయింది, ఏ లెక్క వాడారు. జీతం ప్రశ్న చివర్లో వాళ్లే అడుగుతారు, అడగనివ్వండి. ఇంజనీర్లతో పాటు ల్యాబ్ టెక్నీషియన్‌నీ, క్రేన్ ఆపరేటర్‌నీ, తప్పకుండా ఒక మహిళా ఉద్యోగినీ పిలవండి.

బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్‌కు తీసుకెళ్లినా అంతే. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సెలవు తీసుకున్న ఆ జలాంతర్గామి ముందు ‘ట్యాంకుల్లోకి నీళ్లు ఎందుకు తీసుకుంటుంది?’ అన్న ఒక్క ప్రశ్న చేతికిచ్చి లోపలికి పంపండి.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. డిప్లొమా చదువుతానంటోంది. ఇంటర్ చదవకపోతే తక్కువైపోతుందా? తనకు సముద్రం మీద పనంటే ఇష్టం.
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: తక్కువేమీ కాదండీ. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. చేతిపని మీద మక్కువ ఉన్న పిల్లకు ఇది చక్కటి దారి. ఇంటర్ ఎంపీసీ తీసుకుంటే ఓడ నడపడం నేర్పే నాటికల్ సైన్స్, ఓడ యంత్రాల పని నేర్పే మెరైన్ ఇంజనీరింగ్ ఉంటాయి. వాటికి ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ సెట్ రాయాలి, ఆ యూనివర్సిటీ క్యాంపస్ విశాఖలోనూ ఉంది. తుపాన్లు, అలల మీద ఆసక్తి ఉంటే డిగ్రీలో భౌతికశాస్త్రం చదివి, ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల వైపు వెళ్లొచ్చు. బైపీసీ అయితే ఫిషరీస్ కోర్సులున్నాయి.

ఒక్క జాగ్రత్త. ఓడ నడిపే డెక్ ఆఫీసరు పనికి రంగులు గుర్తుపట్టే చూపు తప్పనిసరి, రాత్రి ఎదురుగా వచ్చే ఓడ ఎర్ర దీపమో పచ్చ దీపమో తేల్చుకోవాలి కదా. ఫీజులు కట్టాక మెడికల్‌లో ఆగిపోతే పిల్ల మనసు విరుగుతుంది. ఈ నెలలోనే కంటి డాక్టరు దగ్గర రంగుల చుక్కల పుస్తకంతో ఒకసారి చూపించండి. అయిదు నిమిషాల పరీక్ష.