మాడ్యూల్ మార్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

పలాసలో ఫైబర్ పనిలో చేరావని అక్క చెప్పింది. చాలా సంతోషం. లింక్ పడిపోతే టెన్షన్‌లో ముందు మాడ్యూలే (స్విచ్‌కి తగిలించి, ఫైబర్‌లోకి వెలుగు పంపి అందుకునే ముక్క) మార్చేస్తున్నావట. అలా చెయ్యకు నాన్నా. వెలుగు ఎంత బయల్దేరింది, ఎంత అందింది, ముందు అది చూడు.

స్విచ్ ఇచ్చే కరెంటు సిగ్నల్‌ని మాడ్యూల్‌లోని లేజర్ వెలుగుగా మారుస్తుంది. వెలుగు పెరిగితే ఒకటి, తగ్గితే సున్నా. గిగాబిట్ లింక్‌లో సెకనుకు 125 కోట్ల బిట్లు ఇలాగే వెళ్తాయి. అవతల ఫోటోడయోడ్ ఆ వెలుగుని మళ్ళీ కరెంటు చేస్తుంది. అది బాగా బలహీనంగా ఉంటుంది కనుక యాంప్లిఫయర్ దాన్ని పెంచి, ఒకటో సున్నానో తేల్చి స్విచ్‌కి అందిస్తుంది. వెలుగు చాలకపోతే ఆ తేల్చడంలోనే ఎర్రర్లు మొదలవుతాయి.

ఇప్పుడు లెక్క చూడు. 1310 నానోమీటర్ల వెలుగు కిలోమీటరుకు సుమారు 0.35 డీబీ (డెసిబెల్, వెలుగు ఎంత తగ్గిందో చెప్పే కొలత) తగ్గుతుంది. 20 కిలోమీటర్లకు 7, అతుకులకూ కనెక్టర్లకూ ఇంకో 2 వేసుకో. ఇటు మైనస్ 3 డీబీఎం (వెలుగు బలం కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ) పంపితే అటు మైనస్ 12 దగ్గర అందాలి. స్విచ్‌లో మైనస్ 20 కనిపించిందంటే రావలసిన వెలుగులో ఆరో వంతే వచ్చినట్టు. పంపే వైపు మైనస్ 3 సరిగ్గానే చూపిస్తుంటే మాడ్యూల్‌ని అనుమానించకు. దోషం దారిలో ఉంది.

చాలాసార్లు అది కనెక్టర్ మీది దుమ్మే. సింగిల్‌మోడ్ ఫైబర్‌లో వెలుగు నడిచే కోర్ 9 మైక్రాన్లే, చిన్న నలుసు చాలు అడ్డుపడటానికి. క్లీనర్ పెన్ ఎప్పుడూ జేబులో ఉంచుకో. చొక్కా అంచుతో మాత్రం తుడవకు. ఫైబర్ చివర కళ్ళ ముందు పెట్టుకుని ఎప్పుడూ చూడకు. ఆ వెలుగు కంటికి కనిపించదు, కానీ కన్ను పాడుచేయగలదు.

ఒకే పోగు మీద నడిచే లింక్ అయితే ఒక చివర 1310 పంపేది, రెండో చివర 1550 పంపేది పెట్టాలి. రెండూ ఒకే రకం పెడితే లింక్ లేవదు. 80 కిలోమీటర్ల మాడ్యూల్‌ని దగ్గరి లింక్‌కి నేరుగా తగిలించకు, వెలుగుని తగ్గించే అటెన్యుయేటర్ వెయ్యి. లేకపోతే అవతలి రిసీవర్ దెబ్బతింటుంది.

లింక్ బాగా నడుస్తున్న రోజే రెండు చివర్ల రీడింగులూ నోట్‌బుక్‌లో రాసిపెట్టు. 2018లో వచ్చిన తిత్లీ లాంటి తుపాను మళ్ళీ వచ్చి కేబుళ్ళు తెగితే, అతికించాక ఆ పాత అంకెతో పోల్చి చూసుకో. రెండు మూడు డీబీలు తేడా ఉంటే అతుకు మళ్ళీ వేయించు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకురా, కూర్చుని చూద్దాం.

మీ మావయ్య
విజయనగరం