ఓటు రాకముందే వెళ్ళి కూర్చోవలసిన గది

సందేహం: అక్కా, మేం డాలస్‌కి ఉత్తరాన ఈమధ్యే ఇల్లు కొన్నాం. ఇద్దరం హెచ్-1బి మీద ఉన్నాం. పాప కిండర్‌గార్టెన్‌లో చేరింది. ఏప్రిల్ వచ్చేసరికి వీధి మలుపులన్నిట్లో ‘స్కూల్ బోర్డ్ ట్రస్టీ, ప్లేస్ 3’ అంటూ ఎన్నికల ప్రచార బోర్డులు వెలిశాయి. ట్రస్టీ అంటే బడి బోర్డు సభ్యుడట. పక్కింటాయన మంచివాడే, తను బలపరుస్తున్న అభ్యర్థికి వంద డాలర్లు ఇమ్మంటున్నాడు. మాకు ఓటే లేదు కదా, ఇవన్నీ పట్టించుకోవాలా?

నువ్వు అక్కా అని పిలిచావు కాబట్టి నేనూ చనువుగానే చెబుతాను. తప్పకుండా పట్టించుకోవాలి. కానీ ఆ వంద డాలర్లు మాత్రం ఇవ్వకు.

ముందు ఆ సంగతే చూద్దాం. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు అమెరికాలో ఏ ఎన్నికకూ డబ్బు ఇవ్వకూడదని ఫెడరల్ చట్టం ఉంది. ప్రెసిడెంట్ ఎన్నికకే కాదు, మన వీధి చివర ఉన్న బడి బోర్డు ఎన్నికకి కూడా అది వర్తిస్తుంది. హెచ్-1బి, హెచ్-4, చదువుకి వచ్చిన ఎఫ్-1, చదువయ్యాక పనిచేసే ఓపీటీ ఎవరైనా అంతే. గ్రీన్‌కార్డు వచ్చాక విరాళం ఇవ్వచ్చు, ఓటు మాత్రం అప్పుడూ ఉండదు. పక్కింటాయనకి ఈ నియమం తెలియకపోవచ్చు. ‘మా వీసాకి కుదరదండీ’ అని చెప్పు, ఏమీ అనుకోడు. జీతం తీసుకోకుండా వాలంటీరుగా సాయం చేయడానికి అడ్డు లేదు. ఆయనతో కలిసి ఇంటింటికీ కరపత్రాలు పంచచ్చు. కాగితాలు, కాఫీలు మాత్రం నీ డబ్బుతో కొనకు.

రెండో జాగ్రత్త ఇంకా పెద్దది. డ్రైవింగ్ లైసెన్సు కోసం డీపీఎస్‌కి, అంటే లైసెన్సులిచ్చే రాష్ట్ర ఆఫీసుకి, వెళ్ళినప్పుడు ఓటరుగా నమోదు చేయమంటారా అని ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. హడావిడిలో అవునని టిక్ పెట్టేవాళ్ళున్నారు. సిటిజన్‌ని అని చెప్పుకున్నా, ఓటు వేసినా దేశం నుంచి పంపించేయడానికి అది కారణం కావచ్చు. తర్వాత ఎప్పుడో సిటిజన్‌షిప్ కోసం ఎన్-400 నింపేటప్పుడు ‘ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా’ అని సూటిగా అడుగుతారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2016లో ఆమోదించిన ప్రతిపాదన వల్ల సిటిజన్లు కాని తల్లిదండ్రులు కూడా అక్కడి స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటు వేయచ్చు. అక్కడ ఉన్న బంధువులు ఎవరైనా ‘మేం వేశాం, నువ్వూ వెయ్యి’ అంటే వినకు. టెక్సస్‌లో అలాంటి వీలు లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. మన ఊళ్ళో బడి అంటే ప్రభుత్వం నడుపుతుంది, లేదంటే ప్రైవేటు యాజమాన్యం నడుపుతుంది. ఇక్కడ అలా కాదు. ప్రభుత్వ బడుల్ని నడిపేది స్కూల్ డిస్ట్రిక్టులు, టెక్సస్‌లో అవి వెయ్యికి పైగా ఉన్నాయి. ఒక్కోదానికి సొంత పన్ను, సొంత బడ్జెట్, ఎన్నికైన సొంత బోర్డు ఉంటాయి. సాధారణంగా బోర్డులో ఏడుగురు ట్రస్టీలు, మూడేళ్ళో నాలుగేళ్ళో పదవీకాలం. జీతం ఒక్క డాలరు కూడా లేదు. మన సర్పంచ్ ఎన్నికల్లో లాగే బ్యాలెట్‌లో పార్టీ గుర్తులు ఉండవు. నువ్వు చూసిన ‘ప్లేస్ 3’ చాలా డిస్ట్రిక్టుల్లో వార్డు నంబరు కాదు, కుర్చీ నంబరు అనుకో. డిస్ట్రిక్టులో ఉన్న ఓటర్లందరూ అన్ని ప్లేసులకీ ఓటు వేస్తారు.

నీ ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు ఒకసారి తీసి చూడు. అందులో కౌంటీ, సిటీ, కాలేజీ, స్కూలు అని విడివిడిగా ఉంటాయి. మామూలుగా అన్నిటికన్నా పెద్ద అంకె స్కూలుదే. ఆ రేటు ఎంతో ఓటు వేసి తేల్చేది ఈ ఏడుగురే. ఒక హద్దు దాటి పెంచాలంటే మాత్రం జనాన్ని అడగాలి. 2024 నవంబరులో డాలస్ దగ్గరి ఫ్రిస్కో డిస్ట్రిక్టు అలాగే అడిగింది, ఓటర్లు కుదరదన్నారు. (సొంత ఇంట్లోనే ఉంటున్నారు కదా, హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కి అప్లై చేశారా? 2025 నుంచి స్కూలు పన్ను లెక్కలో ఇంటి విలువలోంచి 1,40,000 డాలర్లు తీసేస్తున్నారు. చేయకపోతే ఈ వారమే చేయండి.)

పన్నుకన్నా మనవాళ్ళని ఎక్కువగా కదిలించేది ఇంకొకటుంది. మనం ఇల్లు వెతికేది స్కూలు రేటింగు చూసే. ఫలానా ఎలిమెంటరీ, ఫలానా మిడిల్ అని లెక్కలు వేసుకుని, వేరే చోటకన్నా ఎక్కువ పోసి కొంటాం. ఆ ఇల్లు ఏ బడి కిందికి వస్తుందో చెప్పే గీత మాత్రం బోర్డు గీసేది. దాన్ని బోర్డు ఎప్పుడైనా చెరిపి మళ్ళీ గీయచ్చు.

మా పెద్దాడు ఆరో తరగతిలోకి వెళ్ళబోతున్న ఏడాది మాకు అదే జరిగింది. మా కాలనీని రోడ్డుకి అవతల ఉన్న మిడిల్ స్కూలుకి మార్చేశారు. మా వీధిలో సగం పైన తెలుగువాళ్ళమే. అందరికీ టెన్షన్, అందరికీ కోపం. వాట్సాప్ గ్రూపులో రాత్రి రెండింటిదాకా మెసేజ్‌లు. చివరికి బోర్డు మీటింగ్‌కి వెళ్ళాం, నలభై మందిమి. అక్కడ తెలిసింది, ఆ మార్పు మీద మూడు నెలలుగా చర్చలు నడుస్తున్నాయని. మ్యాపులు బయట పెట్టారు, అభిప్రాయాలు అడిగారు, తల్లిదండ్రులతో సమావేశాలు కూడా పెట్టారు. పక్క కాలనీవాళ్ళు ప్రతి సమావేశానికీ వచ్చి మాట్లాడారు, వాళ్ళ గీత కదల్లేదు. మేం వెళ్ళింది ఆఖరి ఓటింగ్ రోజున. నా వంతు వచ్చినప్పుడు రెండు నిమిషాలు మాట్లాడాను, గొంతు వణికింది. ఏడుగురూ శ్రద్ధగానే విన్నారు. ఆ తర్వాత ఓటు వేసి మార్పుని ఖాయం చేశారు.

ఆ రాత్రి కారులో ఇంటికి వస్తూ మా ఆయనతో ఒకటే అన్నాను, ఇన్నేళ్ళుగా ఈ గది తలుపులు తెరిచే ఉన్నాయి, మనమే రాలేదు అని.

బోర్డు సమావేశాల్లో కూర్చోవడానికి వీసా అడగరు. అజెండా ముందుగానే డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లో పెడతారు. పేరు రాయించుకుంటే అజెండాలో ఉన్న అంశం మీద, బోర్డు ఓటు వేయకముందే మాట్లాడనిస్తారు. దీనికి పౌరసత్వంతో పని లేదు. బడ్జెట్, హద్దులు, బాండ్ల (బడులు కట్టడానికి చేసే అప్పుల) మీద తల్లిదండ్రులతో కమిటీలు వేసినప్పుడు వాటిలోనూ మనలాంటివాళ్ళు చేరుతుంటారు. నేను బాండ్ కమిటీలో చేరినప్పుడు నాకింకా గ్రీన్‌కార్డే. కొత్త బడి కట్టడానికి చేసే అప్పు వేరు, టీచర్ల జీతాల పద్దు వేరు, దాని డబ్బు దీనికి వాడకూడదని అక్కడే నేర్చుకున్నాను. ‘అంత పెద్ద స్టేడియం కట్టారు, టీచర్లకి జీతాలు పెంచలేరా’ అని అంతకుముందు నేనూ అడిగిన దాన్నే.

హద్దులు మార్చడమే కాదు, ఇప్పుడు బడులు మూసేసే రోజులు కూడా వచ్చాయి. ఇళ్ళు ఖరీదై చిన్నపిల్లలున్న కుటుంబాలు ఇంకా దూరం జరుగుతున్నాయి, పాత కాలనీల్లో పిల్లలు తగ్గుతున్నారు. ప్లేనో బోర్డు 2024లో నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించింది. ఫ్రిస్కోలో స్టేలీ మిడిల్ స్కూలు 2024–25తో ఆగిపోయింది. పాప చదివే బడిలో పిల్లల సంఖ్య పెరుగుతోందో తగ్గుతోందో ఇప్పటినుంచే కనిపెట్టుకుని ఉండు.

ట్రస్టీ దగ్గర ఏం ఆశించకూడదో కూడా చెప్పాలి. మనకి పని పడితే ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళి సిఫారసు అడిగే అలవాటు ఉంది. ఇక్కడ ట్రస్టీకి ఒక్కడిగా ఏ అధికారమూ లేదు. మీటింగ్‌లో కూర్చుని అందరితో కలిసి ఓటు వేసినప్పుడే ఆ మాటకి విలువ. పాపకి గిఫ్టెడ్ క్లాసులో సీటు ఇప్పించలేడు, టీచరుని మార్పించలేడు. ఫిర్యాదు ఉంటే ముందు టీచరు, తర్వాత ప్రిన్సిపాల్, ఆపైన డిస్ట్రిక్టు ఆఫీసు. అన్నీ దాటాక చివరి అప్పీలు బోర్డు ముందుకి వస్తుంది. బోర్డు నేరుగా పెత్తనం చేసేది డిస్ట్రిక్టుని నడిపే పెద్ద అధికారి, సూపరింటెండెంట్ మీదే. ఏడుగురు ట్రస్టీలు, ఒక సూపరింటెండెంట్ కలిపి ‘టీమ్ ఆఫ్ ఎయిట్’ అంటారు.

ఇక నిలబడే విషయం. ఓటరై, అమెరికా సిటిజన్ అయి, టెక్సస్‌లో ఏడాది, డిస్ట్రిక్టులో ఆరు నెలలు ఉంటే పోటీ చేయచ్చు. ఒక్క రూపాయి తీసుకోకముందే, ఖర్చు పెట్టకముందే ప్రచార కోశాధికారిని నియమించుకుంటూ ఫారం ఇవ్వాలి. మా వీధి తెలుగాయన ఒకరు మొదటిసారి ఓడిపోయారు, తేడా వంద ఓట్లకి లోపే. మే నెల మొదటి శనివారం జరిగే ఆ ఎన్నికలకి చాలాసార్లు ఓటర్లలో నూటికి పదిమంది కూడా రారు. సిటిజన్లయిన తెలుగు కుటుంబాలే మా చుట్టూ ఆ వంద కన్నా ఎక్కువ ఉన్నాయి. కొందరు నమోదే చేయించుకోలేదు. డీపీఎస్ దగ్గర నమోదు కాకపోతే టెక్సస్‌లో ఫారం సంతకం చేసి పోస్టులోనో చేతికో ఇవ్వాలి, ఎన్నికకి 30 రోజుల ముందే ఆ పని అయిపోవాలి. కొందరు ఆ శనివారం పిల్లల పుట్టినరోజు పార్టీలో ఉన్నారు. ఆయన రెండోసారి నిలబడ్డప్పుడు మేం ముందస్తు ఓటింగ్ రోజుల్లోనే ఒక్కో ఇంటికీ వెళ్ళి కార్లు ఎక్కించి తీసుకెళ్ళాం. గెలిచారు. అంతకన్నా ఆయన్ని గెలిపించింది, మధ్యలో మూడేళ్ళూ పదవి లేకుండానే ప్రతి మీటింగ్‌కీ వెళ్ళి కూర్చోవడం. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, మెక్సికన్లు అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఒట్టి తెలుగు ఓట్లతో ఎవరూ గెలవరు.

తెలుగు సంఘాలవాళ్ళకి ఒక మాట. 501(సి)(3) కింద పన్ను మినహాయింపు ఉన్న సంస్థ ఏ అభ్యర్థినీ బలపరచకూడదు. అభ్యర్థుల్ని పిలిస్తే అందరినీ పిలవండి.

చిన్న పదవి కదా అనుకోకు. తర్వాత ప్రెసిడెంటైన జిమ్మీ కార్టర్ ప్రజాజీవితం మొదలైంది జార్జియాలోని సమ్టర్ కౌంటీ విద్యాబోర్డులో. నాగ్‌పూర్‌లో పుట్టిన స్వాతి దండేకర్ 1996లో అయోవాలోని లిన్-మార్ స్కూల్ బోర్డుకి ఎన్నికయ్యారు. 2002లో ఆ రాష్ట్ర ప్రతినిధుల సభకీ, 2008లో సెనేట్‌కీ వెళ్ళారు. పరాయి దేశం నుంచి వచ్చిన ఆడమనిషి, పిల్లల బడి దగ్గర మొదలుపెట్టి అంతదూరం వెళ్ళింది. ఆవిడ సంగతి తెలిసినప్పుడు నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఈ నెల మీటింగ్ తేదీ డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లో చూడు. పాపని కూడా తీసుకెళ్ళు. చాలాచోట్ల మొదట పోటీల్లో గెలిచిన పిల్లల్ని పిలిచి సర్టిఫికెట్లు ఇస్తారు, అది పాపకి నచ్చుతుంది. తర్వాత మీ ఆయన పాపని ఇంటికి తీసుకెళ్తారు, నువ్వు బడ్జెట్ అంశం అయ్యేదాకా కూర్చో. మొదటిసారి సగం అర్థం కాదు. రాసుకుని వచ్చి నన్ను అడుగు.