సంక్రాంతికి కేదార్‌కంఠ: దిగడం కూడా నేర్చుకోండి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సంక్రాంతి సెలవుల్లో నలుగురు టీచర్లం కలిసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కి గైడుతో బుక్ చేసుకున్నాం. అరకు తప్ప వేరే కొండలు ఎరగను, మంచు చూడనే లేదు. రోజూ బీచ్ రోడ్డులో గంట నడుస్తాను. అయినా స్కూల్లో మూడో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వస్తోంది. ఈ మూడు నెలల్లో తయారవగలనా? ఏమేం కొనాలి? ఎత్తు పడకపోతే వచ్చే తలనొప్పికి ముందే మాత్ర వేసుకోమంటున్నారు, వేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: టీచర్ గారూ, తయారవగలరు. కానీ ముందు ఆ ఆయాసం సంగతి తేల్చండి. రోజూ గంట నడిచే మనిషికి మూడో అంతస్తుకే ఊపిరి అందడం లేదంటే రక్తం తక్కువగా ఉందేమో చూడాలి. మన ఆడవాళ్లలో చాలామందికి ఉన్న ఇబ్బందే ఇది. ఈ వారమే డాక్టరు దగ్గరికెళ్లి హిమోగ్లోబిన్, బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకోండి. రక్తం పట్టడానికి వారాలు పడుతుంది. డిసెంబరులో తెలిస్తే చేయగలిగింది పెద్దగా ఉండదు.

డాక్టరు సరేనన్నాక మెట్లు మొదలుపెట్టండి. బీచ్ రోడ్డు నడక మంచిదే, మానొద్దు. కాకపోతే అది చదును. మీరు నడక మొదలుపెట్టే సాంక్రి ఊరు సుమారు 1,950 మీటర్ల ఎత్తులో ఉంటే, శిఖరం దాదాపు 3,800 మీటర్లు. వారానికి మూడు పొద్దులు కైలాసగిరి మెట్లు ఎక్కండి. వాన పడితే మీ అపార్ట్‌మెంట్ మెట్లే చాలు. మాట్లాడుతూ ఎక్కగలిగినంత వేగమే మీ వేగం.

ఎక్కడం గురించి అందరూ అడుగుతారు, దిగడం గురించి ఎవరూ అడగరు. శిఖరం ఎక్కే రోజు చీకట్లోనే లేచి పైకి వెళ్లి, అదే రోజు మంచులో చాలా దూరం కిందికి రావాలి. తొడలు వణికేది, మోకాళ్లు పట్టేసేది అప్పుడే. ఇంట్లో ఇలా చేయండి: ఒక మెట్టు మీద నిలబడి ఒక కాలు గాల్లో ఉంచి, రెండో మోకాలు మెల్లగా వంచుతూ గాల్లోని మడమను కింది మెట్టుకి తాకించి, మళ్లీ పైకి లేవండి. ఒక్కో కాలికి పదేసి సార్లు. నొప్పి వస్తే ఆపేయండి. కైలాసగిరికి సంచిలో రెండు లీటర్ల నీళ్లతో మొదలుపెట్టి నెమ్మదిగా ఐదు కిలోల దాకా పెంచండి. మొదటి వారాల్లో పైకెళ్లాక నీళ్లు చెట్లకి పోసేసి తేలిగ్గా దిగండి. నవంబరు నుంచి ఆ బరువుతోనే దిగండి.

డబ్బు పెట్టాల్సింది బూట్లమీదే. చీలమండ పట్టి ఉంచేవి, నీళ్లు లోపలికి రానివి తీసుకోండి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. మందపాటి ఉన్ని సాక్స్ షాపుకి పట్టుకెళ్లండి. లేసులు బిగించి వాలు మీద దిగి చూడండి, వేళ్లు ముందుకి తగిలితే ఆ సైజు వద్దు. వెంటనే వాడకం మొదలుపెట్టండి, కొత్త బూట్లతో కొండెక్కితే బొబ్బలు ఖాయం.

జాకెట్టు, చేతికర్రలు అద్దెకు దొరుకుతాయి. లంబసింగి చలికే స్వెట్టర్ వెతుక్కునే వాళ్లం మనం, అక్కడ జనవరి రాత్రులు సున్నాకి బాగా దిగువన ఉంటాయి. లోపల థర్మల్, పైన ఫ్లీస్ (మెత్తటి వెచ్చని బట్ట), ఆ పైన దూదిలా ఉబ్బిన జాకెట్టు, అన్నిటిపైన గాలీ తడీ ఆపే పొర. కాటన్ బనియన్లు మాత్రం వద్దు, చెమట పీల్చి ఆరక ఒళ్లు గడ్డకట్టిస్తాయి. పొడిగా ఒక జత పడుకోవడానికే దాచుకోండి. నల్లకళ్లద్దాలు మర్చిపోవద్దు, మంచు మీద ఎండ కళ్లు దెబ్బతీస్తుంది. చలికీ ఎత్తుకీ నెలసరి తేదీ మారవచ్చు. ప్యాడ్లు, వాడినవి వెనక్కి తెచ్చుకోవడానికి జిప్ కవర్లు పెట్టుకోండి.

మాత్ర విషయం. ఎత్తు పడకపోవడానికీ ఫిట్‌నెస్‌కీ సంబంధం లేదు, పరుగుల్లో దిట్టలకీ వస్తుంది. మీరడిగిన ఆ మాత్ర, డయామాక్స్, వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. సల్ఫా మందులు పడకపోయినా, వేరే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి. పైన తలనొప్పితో పాటు వికారం, తిండి సయించకపోవడం ఉంటే గైడుకి వెంటనే చెప్పేయండి. నలుగురికీ ట్రిప్పు పాడవుతుందని దాచుకోవద్దు, దయచేసి. తగ్గేదాకా పైకి ఎక్కొద్దు. ముదిరితే రాత్రయినా కిందికి దిగాల్సిందే.

అందుకే మిగతా డబ్బు కట్టేముందు నిర్వాహకులకు ఫోన్ చేయండి. ఆక్సిజన్ సిలిండరు వెంట ఉంటుందా? ఒకరికి బాగోకపోతే కిందికి ఎవరు తీసుకొస్తారు? బూట్లకి తొడిగే ముళ్ల గొలుసులు వాళ్లే ఇస్తారా? ఎన్ని గంటలకల్లా శిఖరం చేరకపోతే వెనక్కి తిప్పుతారు? ఈ చివరి ప్రశ్నకు నీళ్లు నమిలితే వేరే వాళ్లని చూసుకోండి.