కొత్త సీసీ రోడ్డు మీద టిప్పర్లు ఎప్పుడు నడపవచ్చు?

మిర్యాలగూడ దగ్గర మీరు పోసిన సీసీ రోడ్డు 9వ రోజున కంకర టిప్పర్ ఎక్కగానే మూల పగలడానికి కారణం, ల్యాబులో వచ్చిన క్యూబు (పరీక్ష కోసం అదే కాంక్రీటుతో పోసిన ఘనాకారపు దిమ్మె) ఫలితాన్నే రోడ్డు బలంగా లెక్కపెట్టడం కావచ్చు. క్యూబులు నీటి తొట్టిలో నానుతూ గట్టిపడతాయి. రోడ్డు మాత్రం నల్లగొండ ఎండలో, మధ్యాహ్నానికే ఆరిపోయే గోనెపట్టల కింద ఉంటుంది.

1. చాలామంది వదిలేసే పని ఇది: పోసిన రోజే అదే మాలుతో కొన్ని క్యూబులు, వీలైతే బీములు (వంచి పరీక్షించే పొడవాటి దిమ్మెలు) అదనంగా తీసి, రోడ్డు పక్కనే అవే గోనెపట్టల కింద ఉంచి, రోడ్డుకు పట్టినన్ని నీళ్లే వాటికీ పట్టి, బండ్లు వదిలే ముందు వాటినే పరీక్షకు పంపండి. చక్రం కింద రోడ్డు వంగి పగులుతుంది కాబట్టి బీము ఫలితమే ఎక్కువ నమ్మదగినది. మేస్త్రీ గడ్డపారతో కొట్టి "రాయిలెక్క అయింది సారూ" అన్నా, ఆ మోత పైపొర సంగతే చెబుతుంది.

2. ఆ పరీక్ష లేకపోతే 28 రోజులు ఆగండి. 7 రోజులకు సాధారణంగా 28 రోజుల బలంలో మూడింట రెండు వంతులే వస్తుంది; పీపీసీ (ఫ్లైయాష్ వంటి బూడిద కలిపిన) సిమెంటుకు ఇంకా ఆలస్యమవుతుంది.

3. బండ్లు వదిలే ముందే జాయింట్లు (రోడ్డు పలకల మధ్య సందులు) సీలు చేయించండి. చక్రాలను అంచుకు రెండడుగులు లోపలే నడిపించండి.

పగిలిన మూలకు సిమెంటు పాలు పూయవద్దు. పూర్తి మందం కోసి, మళ్లీ పోయించండి.