ఇన్సులిన్ ఆపేస్తే కొవ్వు కరుగుతుందా?

ఇన్సులిన్ మొదలుపెట్టాక నాలుగు కిలోలు పెరిగాను, కొన్నాళ్లు ఆపేస్తే కొవ్వు కరుగుతుందా అని అడిగారు. కరుగుతుంది. అందుకే ఆపకండి.

మా అమ్మ పదకొండేళ్లుగా ఇన్సులిన్ మీదే ఉంది. రోజూ బొడ్డుకి ఎడమ పక్క ఒకే చోట గుచ్చుకునేది. "అక్కడైతే నొప్పి తెలియదురా" అనేది. ఒక సంక్రాంతికి ఇంటికి వెళ్తే, ఆ పక్క చీర కుచ్చిళ్లు సరిగ్గా కుదరడం లేదంది. చెయ్యి పెట్టి చూస్తే నిమ్మకాయంత గడ్డ. రాత్రంతా నాకు నిద్ర లేదు. తెల్లారి ఆసుపత్రికి తీసుకెళ్తే నర్సమ్మ వేళ్లతో తడిమి, "భయం లేదండీ, కొవ్వే. సూది గుచ్చిన చోటే పేరుకుంది" అంది.

కొవ్వు కణంలో నూనె బొట్టులాంటిది ఉంటుంది. దాని చుట్టూ పెరిలిపిన్ అనే ప్రొటీన్ కాపలా కాస్తుంది. ఉపవాసం ఉన్నా, పరుగెత్తినా, టెన్షన్ పడినా అడ్రినలిన్ వస్తుంది. కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే పదార్థం పెరుగుతుంది, పెరిలిపిన్ దారి ఇస్తుంది, ఏటీజీఎల్, హెచ్ఎస్ఎల్ అనే ఎంజైములు కొవ్వును విడగొడతాయి. ఇన్సులిన్ ఆ సైక్లిక్ ఏఎంపీని తగ్గించి ఈ పనంతా ఆపుతుంది. అమ్మ పొట్ట మీద ఆ ఒక్క చోట పదకొండేళ్లు జరిగింది అదే.

ఇన్సులిన్ బొత్తిగా లేకపోతే ఆపేవాళ్లే ఉండరు. కొవ్వు అదుపు లేకుండా విడిపోతుంది, కాలేయం దాన్ని కీటోన్లుగా మారుస్తుంది, రక్తం ఆమ్లమవుతుంది. 1922లో ఇన్సులిన్ వైద్యం మొదలయ్యే ముందు టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవ్వని రకం) ఉన్న పిల్లలు ఎముకల గూళ్లై చనిపోయేవారు. మీరు కోరుకునే సన్నదనం అది కాదు కదా. పైగా మీ నాలుగు కిలోల్లో కొంత, ఇదివరకు మూత్రంలో పోయిన చక్కెర ఇప్పుడు ఒంట్లో నిలవడం వల్ల వచ్చిందే.

నా బాధ వేరే ఉంది. ఇన్నేళ్లలో ఒక్క డాక్టరు కూడా అమ్మ పొట్ట చూడలేదు. రిపోర్టు చూడటం, డోసు పెంచడం, అంతే. గడ్డలో గుచ్చితే మందు ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. షుగర్ నిలకడగా ఉండటం లేదని తల పట్టుకునే చాలా ఇళ్లలో అసలు సంగతి ఇదేనని నా నమ్మకం. కొవ్వు కరిగించే బెల్టులకు డబ్బు పోసే బదులు చోటు మార్చండి. కానీ డాక్టరుకి చెప్పే మార్చండి. చోటు మార్చిన మూడో రోజే అమ్మకి చెమటలు పట్టి షుగర్ 58కి పడిపోయింది, పాత డోసు మంచి చోట పూర్తిగా ఎక్కేసింది. గ్లాసుడు పంచదార నీళ్లు తాగించాక గానీ మనిషి తేరుకోలేదు.

గడ్డ ఇప్పుడు సగానికి తగ్గింది.