ముందు మత్తడి చూడు, బిడ్డా

బిడ్డా,

పెద్దచెరువు శిఖంలో, అంటే చెరువు నీళ్లు పరుచుకునే భూమిలో, ప్లాట్ల వెంచర్ వేస్తున్నారని, నువ్వు సోమవారం కలెక్టర్ దగ్గర ఫిర్యాదులిచ్చే ప్రజావాణికి దరఖాస్తు పట్టుకుని పోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వినగానే ఛాతీ ఉప్పొంగింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలు పనులు నీకు తెలిసినవే. గ్రామ నక్షా, పాత పహాణీలు (భూమి రికార్డులు) తీసుకో. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడుగు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మన మత్స్య సొసైటీ లీజు రసీదులు, చేపపిల్లలు వదిలిన లెక్కల పుస్తకం మీ నాన్న ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ‘అది ఎండిన కుంటే కదా’ అనేవాళ్ల నోరు అవే మూయిస్తాయి. 2011లో పంజాబ్‌లో ఒక ఊరి చెరువును పూడ్చిన కేసులో ఆక్రమణ తీసేయాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. జగ్‌పాల్ సింగ్ కేసు అంటే ఏ లాయరైనా ఇస్తాడు, జతచెయ్యి.

ఇక నా తప్పు సంగతి. ఇది ఓపికగా చదువు.

నేను సొసైటీ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు కిందిచెరువుకు సర్వే వచ్చింది. వరసగా రెండేళ్లు వానల్లేవు. నడి ఎండాకాలం. తూము దగ్గర మడుగంత నీళ్లు మిగిలాయి. ‘చెరువు ఎక్కడిదాకా?’ అని సర్వేయర్ అడిగితే నేనే ముందు నడిచాను. నెర్రెలు బారిన బురద అంచున నిలబడి, ఇక్కడిదాకా అని మడమతో గీత గీశాను. అక్కడే రాళ్లు పాతారు. చెరువుకు హద్దు దొరికిందన్న సంబరంలో అందరికీ చల్ల తాగించి, పంచనామా చదవకుండానే సంతకం పెట్టాను.

మరుసటేడు చెరువు నిండి, మిగులు నీళ్లు పొర్లే రాతి అలుగు, అదే మన మత్తడి, దుంకింది. మా వల ఒకటి నీళ్లలో దేనికో తట్టుకుని చర్రున చిరిగింది. మునిగి చూస్తే, నేను పాతించిన హద్దు రాయి! దానికి అవతలంతా చెరువు కాదని, అధ్యక్షుడే ఒప్పుకున్నాడని నా సంతకం చూపించి ప్లాట్లు చేశారు.

ఫుల్ ట్యాంక్ లెవల్ అంటే ఇవాళ నీళ్లున్న చోటు కాదమ్మా. మత్తడి అంచుదాకా నిండితే నీళ్లు ఎంతదూరం పరుచుకుంటాయో అదీ. బఫర్, అంటే చెరువు చుట్టూ ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా, ఆ గీత నుంచే లెక్క. భవన నిర్మాణ నియమాల జీవో 168లో 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు అని ఉంటుంది. అందుకే ముందు మత్తడి ఫోటోలు తీసిపెట్టు. వెంచర్ వాళ్లు గుట్టుగా మత్తడి రాళ్లు నాలుగు పీకేస్తారు. మన శిఖం పళ్లెంలా చదును, మత్తడి జానెడు తగ్గినా ఎకరాలు తేలిపోతాయి. పైనుంచి నీళ్లొచ్చే కాలువ మీద కూడా ఒక కన్నేసి ఉంచు.

రాత్రిపూట టిప్పర్లకు అడ్డం నిలబడ్డావని విన్నాను. ధైర్యమనుకుంటున్నావా? తలతిక్క! మట్టి పోసే తొందరలో వాడికి నువ్వు కనబడకపోతే? కట్ట మీదనుంచే బండి నంబర్ వీడియో తీసి 100కు ఫోన్ చెయ్యి. ఒంటరిగా పోకు. చిన్నప్పుడు బుట్టలో కొర్రమీను కొట్టుకుంటుంటే, నీళ్లలో వదిలేదాకా ఏడుపు ఆపని పిల్లవి నువ్వు. నాకు ఇప్పటికీ అంతే కనబడతావు.

సోమవారం మొదటి బస్సుకు నేనూ వస్తున్నాను. కిందిచెరువు పంచనామా నకలు నా దగ్గరుంది. ఆ సంతకం నాదేనని, ఆ గీత తప్పని కలెక్టర్ ముందు నేనే చెప్తాను.

మీ పెద్దబాపు