చెవి ముట్టుకోనివ్వని కుక్కకు శుభ్రం చేయడం ఎలా?

ప్రశ్న: మాది హయత్‌నగర్ దగ్గర చిన్న డెయిరీ. షెడ్డు కాపలాకు మూడేళ్ల లాబ్రడార్‌ను పెంచుతున్నాం, పేరు బ్రౌనీ. వానాకాలం వస్తే చాలు, చెవుల్లో మురికి పేరుకుని వాసన వస్తోంది. డాక్టరు చెవులు కడిగే లోషన్ రాసిచ్చారు గానీ, ఆ సీసా కనిపిస్తే మంచం కిందికి దూరిపోతోంది. మొన్న నేనూ మా అబ్బాయీ అదిమిపట్టి వేయబోతే అబ్బాయి చెయ్యి నోట పట్టి వదిలేసింది. గాటు పడలేదు. మత్తుబిళ్ల ఏదైనా వేసి శుభ్రం చేయొచ్చా?
– ఒక పాడిరైతు, హయత్‌నగర్

జవాబు: మత్తుబిళ్ల ఆలోచన మానుకోండి. మనం వాడే నిద్రమాత్రలు సొంతంగా వేయడం కుక్క ప్రాణం మీదికి తెస్తుంది. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి కూడా ఇవ్వకూడదు. మరీ భయపడే కుక్కలకు బరువును బట్టి ముందుగా వేసే మందులున్నాయి, అవి పశువైద్యులు రాస్తేనే వాడాలి. బ్రౌనీ విషయంలో అంతవరకు రాకపోవచ్చు. గట్టిగా కరిచే అవకాశం ఉన్నా గాటు పడకుండా వదిలేసిందంటే, ‘ఇక చాలు’ అని చెప్పిందన్నమాట. అలాగని దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, రెండోసారి గాటు పడొచ్చు. అబ్బాయి చెయ్యిని వెలుతురులో మళ్లీ ఒకసారి చూడండి. సన్నటి గీత కనిపించినా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రిలో చూపించాలి. బ్రౌనీకి రేబిస్ టీకా గడువు దాటి ఉంటే వెంటనే వేయించండి.

ముందుగా తేల్చుకోవాల్సింది చెవిలో నొప్పి ఉందా అని. నొప్పి ఉన్న చెవిని ఎంత ముద్దు చేసి పట్టుకున్నా ఏ కుక్కా ఒప్పుకోదు, ఒప్పుకోలేదని దాన్ని తప్పుపట్టనూ లేం. లాబ్రడార్ చెవులు కిందికి వాలి ఉంటాయి కాబట్టి గాలి ఆడదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన దగ్గర ఉండే తేమకు లోపల ఈస్ట్ (ఒక రకం ఫంగస్), బాక్టీరియా పెరుగుతాయి. గోధుమరంగు జిగురు, పులిసిన వాసన ఉంటే చాలాసార్లు ఈస్ట్ అయి ఉంటుంది. నల్లగా పొడిపొడిగా రాలుతూ విపరీతమైన దురద ఉంటే చెవి పురుగులను అనుమానించాలి. ఏటా ఇదే తంతు అయితే, తరచుగా అసలు కారణం చర్మ అలర్జీ అయి ఉంటుంది. బ్రౌనీ పాదాలు కూడా నాక్కుంటోందేమో గమనించి డాక్టరుకు చెప్పండి. మీది పశువుల షెడ్డు కాబట్టి చెవి మడతల్లో పిడుదులు కూడా చూడండి. గేదెల పిడుదులకు పిచికారీ చేసే మందును మాత్రం కుక్క చెవిలో పోయకండి. తల ఒక పక్కకు వంచి నడవడం, చెవి మొదట్లో మెల్లగా నొక్కితే అరవడం, చీము, రక్తం, చెవిరెక్క ఉబ్బి మెత్తగా తగలడం – వీటిలో ఏది ఉన్నా ఇంట్లో కడగడం ఆపి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికో, మీకు దగ్గర్లోని డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే కొన్ని లోషన్లు లోపలికి దిగి హాని చేస్తాయి.

నొప్పి లేదని తేలితే మిగిలేది భయం. సీసా అంటే ఇద్దరు మనుషులు మీదపడి అదమడం అని బ్రౌనీకి గుర్తుండిపోయింది. ఆ గుర్తు చెరిగేదాకా పట్టుకోవడం పూర్తిగా మానేయండి. చోటు కూడా మార్చండి. టైల్స్ మీద కాళ్లు జారితే కుక్కకు టెన్షన్ ఇంకా పెరుగుతుంది, కాబట్టి గోనెపట్టా లేదా పాత దుప్పటి పరవండి. సాయంత్రం బాగా తిరిగొచ్చి తీరుబడిగా ఉన్న వేళ మంచిది. ఉడికించిన చికెన్‌ను గోరంత ముక్కలు చేసి దగ్గర పెట్టుకోండి. ఉల్లి, వెల్లుల్లి, మసాలా తగలనివ్వకండి. ఈ ముక్కలు ఈ పనికి తప్ప ఇంకెప్పుడూ పెట్టొద్దు.

సీసా మూత కూడా తీయకుండా కాస్త దూరంలో పెట్టండి. బ్రౌనీ చూడగానే ఒక ముక్క. సీసా దాచేస్తే ముక్కలూ బంద్. ఈ వరుస తప్పితే పని చెడుతుంది. ముందు ముక్క పెట్టి తర్వాత సీసా తీస్తే, చికెన్ అంటేనే అనుమానం మొదలవుతుంది. సీసా చూసి తోక ఊపుతూ మీ వైపు వస్తోందంటే తర్వాతి మెట్టుకు వెళ్లొచ్చు: చెవిని తాకి ముక్క, రెక్కను పైకెత్తి ముక్క, పొడి దూదితో అంచు తుడిచి ముక్క. పూటకు రెండు మూడు నిమిషాలు చాలు. కొన్ని కుక్కలకు వారం, కొన్నింటికి నెల పడుతుంది.

దీంతోపాటు గడ్డం ఆనించడం నేర్పండి. మీరు కింద కూర్చుని మోకాలి మీద మడతపెట్టిన తువ్వాలు వేసుకోండి. బ్రౌనీ గడ్డం దానిమీద ఆనించగానే ముక్క పెట్టండి. క్రమంగా ఆనించి ఉంచే సమయం పెంచండి. గడ్డం ఆనించి ఉన్నంతసేపే చెవి ముట్టుకోవాలి, ఎత్తగానే మీ చెయ్యి వెనక్కి రావాలి. ఈ ఒక్క నియమం మీరు తప్పకపోతే, ఆపే వీలు తన చేతుల్లోనే ఉందని దానికి తెలుస్తుంది, కరవాల్సిన అవసరమే రాదు. పెదాలు నాక్కోవడం, ఊరికే ఆవులించడం, మొహం తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఒళ్లు బిగబట్టడం – ఇవి కనిపిస్తే గుర్రుమనేదాకా ఆగకుండా ఆ పూటకు విడిచిపెట్టండి. గుర్రుమన్నా కొట్టకండి, తిట్టకండి. గుర్రుమంటే దెబ్బలు పడతాయని తెలిసిన కుక్క ఈసారి హెచ్చరించకుండా కరుస్తుంది. ఇప్పటికి అబ్బాయిని ఈ పనికి దూరంగా ఉంచండి.

ఇక కడగడం. కుక్క చెవి మార్గం నల్లా పైపుకు ఎల్బో బిగించినట్టు కిందికి దిగి లోపలికి మలుపు తిరుగుతుంది. ఇయర్‌బడ్ పెడితే మురికి ఆ మలుపులోకి కుక్కుకుపోతుంది. చల్లటి లోషన్ ఒక్కసారిగా పడితే ఉలిక్కిపడుతుంది, అందుకే సీసాను కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. సీసాతో పిండినప్పుడు వచ్చే శబ్దానికి బెదిరితే, దూది ఉండను లోషన్‌లో బాగా తడిపి చెవి రంధ్రం దగ్గర పెట్టి వేళ్లతో పిండండి. చెవిరెక్కను పైకి పట్టుకుని, చెంప పక్కన చెవి మొదట్లో 20–30 సెకన్లు మర్దన చేయండి. లోపల చప్‌చప్‌మని వినిపిస్తుంది. తర్వాత వదిలేసి తల విదిలించుకోనివ్వండి, ఆ విదిలింపుతోనే చాలా మురికి బయటికొస్తుంది. పైకి వచ్చినది దూదితో, మీ వేలు సులువుగా వెళ్లినంత మేర తుడిస్తే సరిపోతుంది. మొదటి రోజు ఒక చెవితో ఆపినా ఫరవాలేదు. కొబ్బరినూనె, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు.

ఎన్ని రోజులకోసారి కడగాలో లోషన్ రాసిన డాక్టరునే అడగండి. చెవి లోపల లేత గులాబీరంగులో, వాసన లేకుండా ఉంటే ఊరికే కడగక్కర్లేదు, అతిగా కడిగినా చర్మం రేగుతుంది. చెరువులో ఈదినా, స్నానం చేయించినా చెవులు తుడిచి ఆరనివ్వండి. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ముందురోజు చెవులు కడగకుండా తీసుకెళ్లండి. డాక్టరు ఆ మురికినే కాస్త తీసి మైక్రోస్కోప్ కింద చూసి, ఈస్టా, బాక్టీరియానా, పురుగులా అన్నది తేల్చి మందు రాస్తారు.